బ్రెస్ట్ పీస్ మీద ఆ తెల్ల గీతలేంటి?

చికెన్ బ్రెస్ట్ ప్యాకెట్ విప్పాక ముక్కను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? లేత గులాబీ రంగు మాంసం మీద, పీచు ఎటు సాగితే అటే, సన్నటి తెల్ల గీతలు కనిపిస్తాయి. కొన్ని ముక్కల మీద ఒకటో రెండో ఉంటాయి. కొన్నిటి మీద చాక్‌పీస్‌తో గీసినట్టు బారులు బారులుగా ఉంటాయి. ఇంకొన్ని ముక్కలు పట్టుకుంటే మెత్తగా ఉండవు, చెక్కలా బిగుసుకుని ఉంటాయి. అరగంట ఉడికించినా పంటి కింద రబ్బరులా సాగుతాయి.

కర్రీ కట్ కొనే ఇళ్లలో ఇది పెద్దగా కంటబడదు. ఛాతీ భాగం కూడా చిన్న ముక్కలైపోయి మసాలాలో కలిసిపోతుంది. కానీ ప్రొటీన్ లెక్కలు రాసుకుని వారానికి రెండు కిలోల బ్రెస్ట్ తెచ్చుకునే జిమ్ బ్యాచ్‌కి, రూములో ఎయిర్ ఫ్రయర్‌తో వంట కానిచ్చే బ్యాచిలర్లకి ఈ గీతలు బాగా తెలుసు. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే నిమిషంలో మూడు తీర్పులు వచ్చేస్తాయి. బాబాయ్ 'హార్మోన్ ఇంజెక్షన్ గుర్తులు' అంటాడు. పిన్ని 'పురుగులు, పారేయ్' అంటుంది. ఎవరో ఒకరు 'ప్లాస్టిక్ చికెన్' అని వీడియో ఫార్వర్డ్ చేస్తారు.

ఈ మూడూ కాదు. ఆ గీతలు కోడి కండరం దెబ్బతిన్న చోట మిగిలిన మచ్చలు. బయటి నుంచి తగిలిన దెబ్బ కాదు. ఆ కండరం తన రక్త సరఫరా కన్నా వేగంగా పెరిగిపోవడం వల్ల లోపల్నుంచి తగిలిన దెబ్బ. దీనికి వైట్ స్ట్రైపింగ్ అని పేరుంది. ప్రపంచమంతా దీని మీద పరిశోధనలు జరుగుతున్నాయి. మన ప్లేట్లో రోజూ కనిపిస్తున్నా మన దగ్గర దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అందుకే ఈ వారం ఇదే టాపిక్.

905 గ్రాములు, 4,202 గ్రాములు

మొదట ఒక ప్రయోగం సంగతి చెప్పాలి. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో పాత కాలపు కోళ్ల జాతుల్ని మార్పు లేకుండా అలాగే కాపాడుకుంటూ వస్తున్నారు. ఒకటి 1957 నాటిది, ఇంకొకటి 1978 నాటిది. వీటితోపాటు 2005 నాటి కమర్షియల్ బ్రాయిలర్‌ను తీసుకున్నారు. మూడు రకాల పిల్లలకీ ఒకే దాణా పెట్టి, ఒకేలా పెంచారు. ఫలితాలు 2014లో అచ్చయ్యాయి.

56 రోజులకు 1957 కోడి సగటు బరువు 905 గ్రాములు. 1978 కోడి 1,808 గ్రాములు. 2005 కోడి 4,202 గ్రాములు. అంటే దాణా అదే, రోజులు అవే, కోడి మాత్రం నాలుగున్నర రెట్లు.

పెరుగుదల కూడా ఒళ్లంతా సమానంగా లేదు. శరీర బరువులో ఛాతీ కండరం వాటా ఎంతో చూస్తే, ఆ వాటాయే 1957 నుంచి 2005 నాటికి 80 శాతం దాకా పెరిగింది. కోడి పెద్దదైంది, అందులో ఛాతీ ఇంకా పెద్దదైంది. ఎందుకంటే ఎక్కువ ధర పలికే ముక్క అదే.

ఇంజెక్షన్ మాట ఈ ప్రయోగంతోనే తేలిపోతుంది. ఒకే దాణా తిన్న కోళ్ల మధ్య ఇంత తేడా వచ్చిందంటే కారణం సిరంజిలో లేదు, జన్యువుల్లో ఉంది. అసలు గ్రోత్ హార్మోన్ అనేది ఒక ప్రొటీన్. దాణాలో కలిపితే కడుపులో అరిగిపోతుంది. పనిచేయాలంటే సూదితో, అదీ మళ్లీ మళ్లీ ఇవ్వాలి. పది వేల కోళ్ల షెడ్డులో ఒక్కో కోడినీ పట్టుకుని రోజూ సూది వేయడం ఏ రైతు వల్ల అవుతుంది? ఆ ఖర్చు ఎక్కడ గిట్టుబాటవుతుంది?

యాంటీబయోటిక్స్ సంగతి మాత్రం వేరు. అది నిజమైన ప్రశ్న. మనుషులకు చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ అనే మందును కోళ్లకూ, ఇతర ఆహార జంతువులకూ వాడకుండా కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. అడగాలంటే దాని గురించి అడగండి. కానీ బ్రెస్ట్ మీద తెల్ల గీతలకు అది కారణం కాదు.

ఈ ఛాతీలో మన వాటా కూడా ఉంది

కోడిని ఇలా ఎవరు మార్చారు? ఒక్కరు కాదు, ఒక్క రోజులో కాదు.

1940ల్లో అమెరికాలో 'చికెన్ ఆఫ్ టుమారో' అని పోటీ పెట్టారు. ఏ అండ్ పీ అనే సూపర్‌మార్కెట్ గొలుసు, అక్కడి వ్యవసాయ శాఖ కలిసి నడిపాయి. విశాలమైన ఛాతీ, తక్కువ కాలంలో ఎక్కువ మాంసం: ఇదే టార్గెట్. 1948లో డెలావేర్ రాష్ట్రంలో ఫైనల్స్ జరిగాయి. కాలిఫోర్నియాకు చెందిన వాన్‌ట్రెస్ కోళ్లు గెలిచాయి. అవి కార్నిష్ పుంజులను న్యూ హాంప్‌షైర్ పెట్టలతో కలిపి తీసిన సంకరం.

ఈ కార్నిష్ అనే జాతి చరిత్ర తవ్వితే మన గుమ్మం ముందుకే వస్తాం. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో, మన దేశం నుంచి వెళ్లిన అసీల్ కోళ్లను అక్కడి కోళ్లతో కలిపి ఈ జాతిని తయారుచేశారు. దీని పాత పేరే 'ఇండియన్ గేమ్'. అసీల్ అంటే తెలుసుగా, సంక్రాంతి బరుల్లో కనిపించే ఆ పొడవు కాళ్ల, వెడల్పు ఛాతీ యోధుడు. ఆంధ్ర ప్రాంతం దాని సొంత గడ్డల్లో ఒకటి. పందెం కోసం పెంచిన ఆ ఛాతీ, సముద్రం దాటి వెళ్లి, బ్రాయిలర్ తండ్రి వైపు వంశంలో చేరింది. చివరికి మన ఊరి చికెన్ షాపు జాలీలోకి తెల్ల ఈకలతో తిరిగొచ్చింది. మన నోట్లో బ్రాయిలర్ కాస్తా 'బాయిలర్' కూడా అయిపోయింది.

ఆ తిరిగి రావడంలో హైదరాబాద్‌ పాత్ర పెద్దది. బి.వి. రావు వెంకటేశ్వర హేచరీస్‌ను 1971లో మొదలుపెట్టింది ఇక్కడే. మన దేశంలో కోళ్ల పరిశ్రమకు పితామహుడని ఆయనకు పేరు. 1990లో పద్మశ్రీ వచ్చింది. ఒకప్పుడు చుట్టమొస్తేనో పండగొస్తేనో కోసే కోడి, ఇవాళ ఆదివారం కూరగా మారిందంటే ఈ పరిశ్రమే కారణం. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. చవకగా ప్రొటీన్ దొరకడం చిన్న విషయం కాదు. అయితే ఆ చవకకు ఇంకో బిల్లు కూడా ఉంది. అది కండరం మీద రాసి ఉంది.

కాలనీ పెరిగింది, పైపు పెరగలేదు

కోడిపిల్ల గుడ్డులోంచి బయటకొచ్చేసరికి దాని కండరంలో పోగులు ఎన్ని ఉండాలో దాదాపు ఖరారైపోతుంది. ఆ తర్వాత కొత్త పోగులు పుట్టవు. ఉన్న పోగులే లావెక్కుతాయి. ఒక్కో పోగుకూ ఆక్సిజన్ అందించి, వ్యర్థాలు మోసుకెళ్లే పని చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాలది.

పోగులు వారాల్లో ఉబ్బిపోతే ఏమవుతుంది? రక్తనాళాల మధ్య దూరం పెరుగుతుంది. పోగు నడిమధ్యకు ఆక్సిజన్ అందదు. హైదరాబాద్‌లో పాత కాలనీ ఒకటి ఊహించుకోండి. ఇళ్లన్నీ పడగొట్టి అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు కట్టారు. మంజీరా పైపు మాత్రం పాతదే. పై అంతస్తుకు నీళ్లెక్కవు. ఛాతీ కండరంలో జరిగేది కూడా అలాంటిదే.

ఆక్సిజన్ చాలక కొన్ని పోగులు చచ్చిపోతాయి. శరీరం ఊరుకోదు. చచ్చిన పోగుల్ని శుభ్రం చేసే కణాలు వస్తాయి. కొత్త పోగులు కట్టే ప్రయత్నం జరుగుతుంది. కానీ దెబ్బ తగిలే వేగం ముందు మరమ్మతు వెనకబడుతుంది. ఖాళీ అయిన చోటును కొవ్వు, గట్టి పీచు పదార్థం నింపుతాయి. ఆ పీచు పేరు కొలాజెన్. మన చర్మం మీద గాయం మానాక మిగిలే మచ్చలో ఉండేది కూడా అదే. మీరు చూసిన తెల్ల గీతలు ఇవే.

ఆక్సిజన్ కొరత ఒక్కటే మొత్తం కథ అనుకోవద్దు. కొన్ని కోళ్లలో కండరం కొవ్వును, చక్కెరను వాడుకునే పద్ధతే తేడాగా ఉందని, చిన్న సిరల్లో వాపు కనిపిస్తోందని పరిశోధకులు గమనించారు. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం వాళ్లయితే ఈ జబ్బును మనుషుల్లో వచ్చే షుగర్ వ్యాధితో పోల్చి చూస్తున్నారు. తిండి నిండుగా, కదలిక తక్కువగా, ఒళ్లు వేగంగా పెరిగితే కండరానికి ఏమవుతుంది అన్న ప్రశ్న మనకూ వర్తించేదే.

ఛాతీకే ఎందుకు ఈ గొడవ ఎక్కువ? ఛాతీ కండరం రెక్కను కిందికి కొట్టడానికి ఉన్నది. క్షణాల్లో ఎగరాల్సినప్పుడు పనికొచ్చే తెల్ల కండరం అది. కాలి కండరం రోజంతా నడవడానికి ఉన్నది. దానికి రక్తనాళాలు ఎక్కువ, అందుకే రంగు కూడా ముదురు. బ్రాయిలర్ ఎగరదు. పెంచింది మాత్రం ఛాతీనే. అందుకే దెబ్బంతా ప్రధానంగా దానికే.

చెక్క, సేమియా, ఆకుపచ్చ

తెల్ల గీతలు ఈ కుటుంబంలో పెద్దగా హాని చేయని సభ్యుడు. మిగిలిన ముగ్గురినీ పరిచయం చేస్తాను.

వుడెన్ బ్రెస్ట్, అంటే చెక్క ఛాతీ: ముక్క మందంగా ఉండే వైపు గట్టిపడి, ఉబ్బి, రంగు పాలిపోతుంది. పైన జిగట ద్రవం, అక్కడక్కడా ఎర్రటి చుక్కలు ఉంటాయి. ఫిన్లండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో దీన్ని సూక్ష్మదర్శిని కింద వివరంగా చూపించారు. పోగులు చావడం, మళ్లీ కట్టుకోవడం, మచ్చ పడటం మూడూ ఒకే ముక్కలో కనిపించాయి. ఎంత ఉడికించినా ఆ పీచు బిగువు పూర్తిగా పోదు.

స్పగెట్టి మీట్, మన భాషలో సేమియా మాంసం: ఇది చెక్కకు తలకిందులు. పోగుల్ని పట్టి ఉంచే పొర బలహీనపడి, గిల్లితే చాలు దారాలు దారాలుగా ఊడొస్తుంది. 'చికెన్‌లో పురుగులు' అంటూ తిరిగే వీడియోలు చూసినప్పుడు ఈ మాంసాన్ని గుర్తు చేసుకోండి. అవి కదిలే పురుగులు కావు, విడిపోయిన కండరం పోగులు.

గ్రీన్ మజిల్, ఆకుపచ్చ కండరం: ఛాతీ కింద దాగి ఉండే చిన్న ముక్కకు వస్తుంది. మెనూల్లో 'టెండర్' అని రాసేది దాన్నే. ఆ కండరం చుట్టూ సాగని గట్టి పొర ఉంటుంది. కోడి బెదిరి రెక్కలు టపటపా కొట్టుకుంటే కండరం ఉబ్బుతుంది, పొర సాగదు, రక్తం ఆగిపోతుంది. ఆ ముక్క బతికున్న కోడిలోనే చచ్చి, రోజులు గడిచేకొద్దీ ఆకుపచ్చగా మారుతుంది. ఇది కొత్తది కాదు. 1960ల్లోనే అమెరికాలోని ఒరెగాన్‌లో టర్కీ కోళ్లలో గుర్తించారు. అందుకే దీనికి 'ఒరెగాన్ జబ్బు' అని కూడా పేరు.

తింటే ఏమవుతుంది?

అసలు ప్రశ్న ఇదే కదా. తెల్ల గీతలు, చెక్క, సేమియా: ఈ మూడూ అంటువ్యాధులు కావు. వీటి వెనక సూక్ష్మజీవి లేదు. శుభ్రంగా ఉన్న మాంసాన్ని బాగా ఉడికించి తింటే ఒంటికి హాని లేదు. ఆకుపచ్చగా కనిపించిన ముక్కను మాత్రం కోసి పారేయండి. అది చచ్చిన కండరం, చూడటానికి కూడా బాగోదు.

హాని లేదంటే తేడా లేదని కాదు. జిమ్ బ్యాచ్, ఇక్కడ కాస్త వినండి. మామూలు బ్రెస్ట్‌లో కొవ్వు 1 శాతం లోపే ఉంటుంది. గీతలు బాగా ముదిరిన ముక్కల్లో అది 2 శాతం దాటినట్టు పరీక్షల్లో తేలింది. ప్రొటీన్ ఆ మేరకు తగ్గుతుంది. ఉన్న ప్రొటీన్‌లో కూడా కొలాజెన్ వాటా పెరుగుతుంది. కండ పెంచుకోవడానికి కొలాజెన్ అంత పనికొచ్చేది కాదు. ఇందుకోసం కంగారుపడి బ్రెస్ట్ మానేయనక్కర్లేదు, తేడా కొన్ని గ్రాముల్లోనే. కానీ యాప్‌లో పోషకాల లెక్క చూసి పాయింట్ తర్వాత అంకె కూడా రాసుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.

వంటలో తేడా ఇంకా పెద్దది. దెబ్బతిన్న కండరం నీటిని పట్టి ఉంచలేదు. మారినేషన్ సరిగా పీల్చదు. పెనం మీద వేశాక నీరంతా వదిలేసి చిన్నదైపోతుంది. రాత్రంతా పెరుగులో నానబెట్టినా బ్రెస్ట్ పొడిగా, గట్టిగా వచ్చిందంటే తప్పు మీ రెసిపీది కాకపోవచ్చు.

అయితే గట్టిగా ఉన్న ప్రతి ముక్కా చెక్క ఛాతీ కాదు. మన దగ్గర ఇంకో రెండు కారణాలున్నాయి. ఒకటి, కళ్లముందు కోసిన కోడిని అప్పటికప్పుడు బోన్‌లెస్ చేయించడం. ప్రాణం పోయాక కండరం కొన్ని గంటలు బిగుసుకుని, తర్వాత వదులవుతుంది. ఆ బిగువు వదలకముందే ఎముక నుంచి వేరుచేస్తే ముక్క ముడుచుకుని గట్టిపడుతుంది. రెండు, ఎండలు. మే నెలలో వ్యానులో మగ్గి, బెదిరి, అలసిపోయిన కోడిని కోస్తే, ఒళ్లింకా వేడిగా ఉండగానే కండరంలో ఆమ్లం పెరిగిపోతుంది. మాంసం పాలిపోయి, మెత్తబడి, నీరు కారుతుంది. తెల్ల గీతలతో దీనికి సంబంధం లేదు. కానీ కూరలో ఫలితం మనకు ఒకేలా కనిపిస్తుంది.

తూకానికి కళ్లుండవు

మా వీధి చికెన్ షాపతన్ని అడిగాను. "అన్నా, చెస్ట్ పీసు గట్టిగా వస్తే ఏం చేస్తావ్?"

కత్తి ఆపకుండానే చెప్పాడు. "గట్టిగున్నది ఖీమాల పోతది అన్నా. బోన్‌లెస్ అడిగితే పెద్ద కోడి కొయ్యాలె, మూడు కిలోలది. చిన్న కోడిల ఏం ఎల్తది?"

ఆ రెండు మాటల్లోనే మొత్తం విషయం ఉంది. పెద్ద పెద్ద ప్రాసెసింగ్ ఫ్యాక్టరీల్లో కూడా చేసేది ఇదే. చెక్క ఛాతీ ముక్కల్ని పక్కకు తీసి, రుబ్బి, నగ్గెట్లలోకి, సాసేజ్‌ల్లోకి, బర్గర్ ప్యాటీల్లోకి పంపిస్తారు. రుబ్బితే పీచు తెగిపోతుంది, తినేవాడికి తెలియదు.

రెండో మాట ఇంకా ముఖ్యం. కోడి బరువు, వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బులూ పెరుగుతాయి. అమెరికాలో కోడిని సగటున 47 రోజులకు, దాదాపు 3 కిలోల బరువుకు పెంచి కోస్తారు. మన దగ్గర కూరకు అమ్మే కోడి 2 కిలోల అటూఇటూ ఉంటుంది. అందుకే ఈ గొడవ మనకు ఆలస్యంగా, తక్కువగా కనిపిస్తోంది. కానీ బోన్‌లెస్, టిక్కా, గ్రిల్డ్ బ్రెస్ట్ గిరాకీ పెరిగేకొద్దీ పెద్ద కోళ్ల గిరాకీ పెరుగుతుంది. ఆ గిరాకీ మనదే, ముఖ్యంగా మన వయసువాళ్లది.

ఇందులో రైతు ఎక్కడున్నాడు? మన రెండు రాష్ట్రాల్లో చాలా షెడ్లు కాంట్రాక్టు పద్ధతిలో నడుస్తాయి. కంపెనీ పిల్లల్ని, దాణాను, మందుల్ని ఇస్తుంది. రైతు షెడ్డు, కరెంటు, కష్టం పెడతాడు. చివర్లో కోళ్ల బరువును బట్టి, తిన్న దాణాను బట్టి కిలోకు ఇంత అని డబ్బు చేతికొస్తుంది. బ్రెస్ట్ లోపల మచ్చలున్నాయా లేదా అన్నది ఆ లెక్కలో ఎక్కడా ఉండదు. షాపువాడు కూడా కోడిని తూకం వేసే కొంటాడు. మనమూ తూకం వేయించుకునే కొంటాం. కండరం ఎలా ఉందో చూసే మనిషి ఈ వరసలో ఎవరూ లేరు, చివర్లో వంటింట్లో కత్తి పట్టుకున్న మీరు తప్ప.

అందుకే ఈ సమస్య ఫారంలో బయటపడదు. కోడి మామూలుగానే తింటుంది, బరువు పెరుగుతుంది. ముదిరిన కేసుల్లో రెక్కలు పూర్తిగా పైకి ఎత్తలేదు. చెక్కలా బిగుసుకున్న కండరాన్ని మోస్తూ బతకడం దానికి ఎలా ఉంటుందో అది చెప్పలేదు. ఈ వేగానికి గుండె, కాళ్లు కూడా మూల్యం చెల్లిస్తున్నాయి. ఒక్క ఉదాహరణ చాలు: ఈ బ్రాయిలర్ల తల్లిదండ్రులకు కడుపునిండా మేత పెట్టరు. పెడితే గుడ్లు పెట్టే వయసుకు చేరేలోపే ఒళ్లు విపరీతంగా పెరిగి పనికిరాకుండా పోతాయి. పిల్లలు తిన్నంత తినాలి, తల్లిదండ్రులు ఆకలితో ఉండాలి. డిజైనే అలా ఉంది.

నెమ్మదిగా పెంచితే?

ఆర్కాన్సా విశ్వవిద్యాలయంలో వివేక్ కుట్టప్పన్ బృందం 2012లో దాణాలో శక్తి తగ్గించి, పెరుగుదల నెమ్మదింపజేసి చూసింది. గీతలు తగ్గాయి. విటమిన్-ఇ ఎక్కువ పెట్టి కూడా చూశారు. దాంతో ఉపయోగం కనిపించలేదు. అంటే ఒక సప్లిమెంట్ కలిపేస్తే పోయే సమస్య కాదిది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం 16 రకాల కోళ్లను, మొత్తం 7,500కు పైగా పెంచి పోల్చింది. వేగంగా పెరిగే రకాల్లోనే కండరాల జబ్బులు, పాదాల పుండ్లు ఎక్కువని తేలింది.

నెదర్లాండ్స్‌లో ఇది వీధి వరకు వచ్చింది. అక్కడ సూపర్‌మార్కెట్లు, కోళ్ల పరిశ్రమ కలిసి 2013లో నెమ్మదిగా పెరిగే కోళ్లవైపు మళ్లాలని ఒప్పందం చేసుకున్నాయి. దాని పేరు 'కిప్ ఫాన్ మోర్హెన్'. అర్థం ఏమిటో తెలుసా? 'రేపటి కోడి'. 1948 నాటి అమెరికా పోటీ పేరే! అందరూ కలిసి ధర పెంచినట్టవుతుందని అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2015లో ఆ ఒప్పందానికి అభ్యంతరం చెప్పింది. అయినా సూపర్‌మార్కెట్లు ఎవరికి వారే ఆ దారి పట్టాయి. 2023 చివరికల్లా అక్కడి సూపర్‌మార్కెట్లలో అమ్మే తాజా డచ్ చికెన్ మొత్తం కనీసం 56 రోజులు పెరిగిన, నెమ్మది రకం కోళ్లదే.

మన దగ్గర దీన్ని రేపే కాపీ కొట్టేయాలని నేను అనను. నెమ్మదిగా పెరిగే కోడి ఎక్కువ దాణా తింటుంది, ఎక్కువ రోజులు షెడ్డులో ఉంటుంది, కిలో ధర పెరుగుతుంది. నెలకు రెండుసార్లు మాత్రమే చికెన్ తినగలిగే ఇంటికి ఆ పెంపు బరువే. అలాగని మనకు దారి లేదనీ కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. నాటుకోడికి బ్రాయిలర్ కన్నా ఎక్కువ ధర ఇచ్చే కస్టమర్లు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఈ రెండింటి మధ్య, అంటే ఫారం కోడి ధరకూ నాటుకోడి ధరకూ నడుమ, ఇంకో కోడికి చోటుంది. ఆ మధ్య కోడికి గిరాకీ ఉందని కంపెనీలకు తెలియాలి, అంతే.

ఇంకో మాట. తెలియని భయం కన్నా తెలిసిన నిజమే రైతుకు మేలు. 2020 ఫిబ్రవరిలో చికెన్‌తో కరోనా వస్తుందన్న పుకారు ఎంత దెబ్బ కొట్టిందో గుర్తుందా? హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. 'హార్మోన్', 'పురుగులు' అని ఫార్వర్డ్ కొట్టే ముందు ఆ షెడ్డు ముందు కూర్చున్న మనిషిని ఒకసారి తలచుకోండి. గీతలకు అసలు కారణం చెప్తే కంపెనీ మీద ఒత్తిడి పడుతుంది. పుకారు చెప్తే రైతు మీద పడుతుంది.

ఈ వారం నుంచే మీరు చేయగలిగినవి

కొనేటప్పుడు: బ్రెస్ట్ ముక్క మందంగా ఉన్న చివరను పట్టుకుని అడ్డంగా చాపండి. రెండో చివర మెత్తగా కిందికి వాలితే మంచిది. కర్రలా నిలబడితే చెక్క ఛాతీ. ప్యాకెట్ అయితే పైనుంచే వేలితో నొక్కి చూడండి.

బరువు చూసుకోండి: ఎముకతో కూర వండేటట్టయితే రెండు కిలోల లోపు కోడి అడగండి. మూడు కిలోల కోడి మీకు అక్కర్లేదు.

బోన్‌లెస్ కావాలంటే: కోడిని కోసిన వెంటనే ఎముక తీయించకండి. చెస్ట్ భాగాన్ని ఎముకతోనే తెచ్చి, నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాత విడదీసుకోండి. ముక్క మెత్తదనంలో తేడా మీకే తెలుస్తుంది.

చెక్క ముక్క వచ్చేసిందా: పారేయకండి. గ్రిల్ చేయకండి. ఖీమా కొట్టి కట్‌లెట్లు చేయండి. లేదా పీచుకు అడ్డంగా పల్చగా కోసి ఫ్రైడ్ రైస్‌లో వేయండి. సేమియా ముక్క అయితే ఉడికించి చిదిమి శాండ్‌విచ్‌లోకి, షవర్మాలోకి వాడుకోండి.

లెగ్ పీస్‌ను తక్కువ చూడకండి: ఈ జబ్బుల బాధ కాలికి చాలా తక్కువ. కొవ్వు కొద్దిగా ఎక్కువే, కానీ మంచి ప్రొటీన్. దమ్ బిర్యానీ వండేవాళ్లు లెగ్ పీసుకే ఓటేస్తారంటే ఊరికే కాదు. బ్రెస్ట్ మీద మన మోజు కాస్త తగ్గితే కోడి ఛాతీ మీద భారం కూడా తగ్గుతుంది.

ఆఖరిది, అన్నిటికన్నా తేలికైనది. షాపు దగ్గర మనం అడిగేది ఒకే ప్రశ్న: 'కిలో ఎంత?' ఆ ప్రశ్నకు డెబ్బై ఏళ్లుగా కోడి తన ఒంటితో జవాబు చెబుతూనే ఉంది. ఇకమీదట ఇంకో ప్రశ్న కూడా కలుపుదాం: 'ఎన్ని రోజుల కోడి?' మొదటిసారి అడిగితే షాపతను మిమ్మల్ని వింతగా చూస్తాడు. పదిమంది అడిగితే పైవాణ్ని అడుగుతాడు. వందమంది అడిగితే ప్యాకెట్ మీద రాస్తారు.